ఆఖరి ఏడాది కాగితం ఎవరు నింపాలి?

(బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరంలో అడుగుపెడుతున్న మన వాడల పిల్లలతో కావలిలో జరిగిన సమావేశంలో ఒక కెమిస్ట్రీ అధ్యాపకుడి ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే అచ్చువేస్తున్నాం.)



నన్ను అంబేడ్కర్ గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడతాను. ఆయన విగ్రహాల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆయన టైంటేబుల్ గురించి మాట్లాడతాను.

1913లో బాబాసాహెబ్ న్యూయార్కులో దిగాడు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పు నెలకు పదకొండున్నర పౌన్లు. గడువు మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో కొలంబియా యూనివర్సిటీలో ఆయన తీసుకున్న కోర్సుల లెక్క వినండి. ఆర్థిక శాస్త్రంలో 29. చరిత్రలో 11. సోషియాలజీలో 6. ఫిలాసఫీలో 5. ఆంత్రొపాలజీలో 4. రాజనీతిలో 3. ఫ్రెంచి ఒకటి, జర్మన్ ఒకటి. మొత్తం 60.

ఈ లెక్క ఏం చెప్తా వుంది? ఈ మనిషికి తను ఎక్కడికి పోవాలో తెలుసు. సగం బరువు ఆర్థిక శాస్త్రం మీద పెట్టాడు. కులం గుట్టు తెలుసుకోడానికి చరిత్ర, సోషియాలజీ, ఆంత్రొపాలజీ పక్కన పెట్టుకున్నాడు. రెండు భాషలు మొదలుపెట్టాడు. ఏ గుమాస్తానో ఖాళీ ఉన్న చోట రాసి పంపితే ఇట్లాంటి పట్టిక తయారవుతుందా?

ఇంకొకటి. 1917లో స్కాలర్‌షిప్పు గడువు అయిపోయి లండన్ చదువు సగంలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. ఉత్త చేతుల్తో రాలేదు. నాలుగేళ్ళలోపు వచ్చి పూర్తి చేసుకోవచ్చని అనుమతి తీసుకుని ఓడ ఎక్కాడు. 1920లో మళ్ళీ పోయాడు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. డబ్బు లేక చదువు ఆగింది గానీ తలుపు మూసుకోలేదు. ఎందుకంటే గడువు సంగతి ఆయనే ముందుగా చూసుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. చెప్పుకోడానికి సిగ్గుపడే సంగతే, అయినా మీకు పనికొస్తుంది.

మాది అల్లూరు పక్క ఉప్పు కొటార్ల పల్లె. పదో తరగతిలో నాకు లెక్కల్లో 81 మార్కులు. ఇంటర్‌లో చేరడానికి మా నాయనా నేనూ పోయాం. కౌంటర్ దగ్గర ఉన్నాయన మా సర్టిఫికెట్టు చూశాడు, కులం గడి దగ్గర కాసేపు ఆగాడు. "లెక్కలు మీ పిల్లోళ్ళకి యాడొస్తయ్‌రా, బై.పి.సి. రాస్తుండా" అన్నాడు. మా నాయన వేలిముద్ర వేశాడు. అయిపోయింది. ఒక్క నిముషం పట్టలేదు. డిగ్రీలో బి.జెడ్.సి. అదే దారిన వచ్చింది. ఆఖరి ఏడాది ఎలెక్టివ్ పేపర్ల ఫారం వచ్చినప్పుడు మా గది మొత్తానికీ ఆఫీసే నింపింది. మమ్మల్ని సంతకం పెట్టమన్నారు, పెట్టాం. ఎమ్మెస్సీకి అప్లికేషన్లు పిలిచిన సంగతి గడువు దాటిన వారానికి తెలిసింది. ఒక సంవత్సరం రొయ్య పిల్లల హేచరీలో నీళ్ళు మోశాను.

మరుసటేడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాను. మొదటి నెలలోనే క్వాంటం పాఠం. నల్లబల్ల నిండా డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. నా పక్కనోళ్ళు రాసుకుంటా వున్నారు. నాకు అది ఏ భాషో కూడా తెలీదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఇంటర్ లెక్కల పుస్తకం అడుక్కుని, హాస్టల్ మిద్దె మీద కూర్చుని, ఇంటిగ్రేషన్ నేర్చుకున్నాను. నాకు లెక్కలు రాక కాదు గదా ఆ తిప్పలు? ఎవడో ఒక నిముషంలో నింపిన కాగితం తప్పు దిద్దుకోడానికి నాకు మూడేళ్ళు పట్టింది. నాతో పాటు సంతకం పెట్టిన పదకొండు మందిలో ఎమ్మెస్సీ గడప తొక్కింది నేనొక్కణ్ణే.

అందుకే అడుగుతున్నా. మీ ఆఖరి ఏడాది కాగితం ఎవరు నింపాలి?

మా నాయనకు అక్షరం రాదు. కానీ ప్లాన్ అంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే. సముద్రం నీళ్ళు కొటారులోకి వచ్చేప్పుడు బామే గొట్టం ముంచితే మూడు డిగ్రీలు చూపిస్తుంది. ఎండకు చిక్కబడే కొద్దీ ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్ళించాలి. పాతిక దగ్గరికి వచ్చేసరికి ఉప్పు పేరే మడిలో ఉండాలి. ముప్పై దాకా వదిలేస్తే చేదు నీళ్ళు మిగులుతాయి, ఉప్పు రుచి చెడిపోతుంది. ఉప్పు ఎప్పుడు కావాలో ముందు అనుకుని, అక్కడ నుంచి వెనక్కి లెక్కేసుకుంటా రావాలి. ఏ డిగ్రీకి ఏ మడి అన్నది ముందే తెలిసుండాలి. ఆఖరి ఏడాది చదువు కూడా అంతే. ఎక్కడికి పోవాలో ముందు తేల్చుకోండి. అక్కడ నుంచి వెనక్కి లెక్కేసుకుంటా ఈ రోజు దాకా రండి.

పెద్దకులాల పిల్లోడికి ఈ లెక్క ఇంట్లోనే దొరుకుతుంది. మేనమామ ప్రొఫెసరు, పెదనాన్న ఇంజనీరు, అక్క అమెరికాలో. అన్నం తినేప్పుడు చెప్పేస్తారు, ఫలానా పేపరు తీసుకో, ఫలానా తేదీ మర్చిపోవాకు అని. మనకు ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. మనకు సీనియర్లే మేనమామలు. ఆ సీనియర్ల మాట కూడా ఇప్పుడు చెల్లకుండా పోతోంది. ఎట్లా అంటారా? 2015-16లో సంవత్సరం పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి. 2020-21లో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. 2023-24లో మూడు సబ్జెక్టుల పద్ధతి తీసేసి ఒక మేజరు, ఒక మైనరు అన్నారు. ఎనిమిదేళ్ళలో నాలుగు మార్పులు. మార్పు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ప్రతి మార్పుకీ ఎక్కువ నష్టపోయేది నోటిమాట మీద ఆధారపడి చదివేవాడు. అంటే మనం. అందుకని ఎవరో చెప్పారని నమ్మొద్దు. మీ బ్యాచికి వర్తించే సిలబస్ పుస్తకం, మీ యూనివర్సిటీ సర్క్యులర్ మీ చేతిలో ఉండాలి. నేను చెప్పిందీ అందులో సరిచూసుకోండి.

ఆ సిలబస్ పుస్తకం తెరిస్తే ఆఖరి ఏడాది పేపర్ల దగ్గర ఒక మాట కనిపిస్తుంది. 'ఈ పేపరు లేదా ఆ పేపరు' అని. ఆ 'లేదా' చిన్న మాట కాదు. అది మన హక్కు. కాలేజీకి పోతే మాత్రం 'లేదా' ఉండదు. లెక్చరర్ ఒక్కడే ఉన్నాడు, ఆయనకు వచ్చింది ఇదే, అందరూ ఇదే తీసుకోండి అంటారు. ఒక్కడు పోయి అడిగితే బయటికి పొమ్మంటారు. ఇరవైమంది సంతకాలతో అర్జీ ఇస్తే? హెచ్.ఓ.డి. కూర్చోబెట్టి మాట్లాడతాడు. రెండో పేపరు ఇవ్వలేకపోయినా ఎందుకు ఇవ్వలేడో చెప్పాల్సి వస్తుంది. సంఘం అంటే ఊరేగింపులకే కాదు, ఈ ఇరవై సంతకాలకు కూడా.

ఇప్పుడు దారుల సంగతి. ముఖ్యంగా మూడు.

మొదటిది పై చదువు, పరిశోధన. ఐ.ఐ.టి.ల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే పరీక్ష ఉంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో అప్లై చెయ్యాలి, ఫిబ్రవరిలో పరీక్ష. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు, ఇంగ్లీషులోనే. ఎస్సీ, ఎస్టీలకూ ఆడపిల్లలకూ ఫీజు సగం. ఆఖరి ఏడాది చదువుతున్నవాళ్ళు రాయొచ్చు. సెంట్రల్ యూనివర్సిటీలకు 2022 నుంచి సి.యు.ఇ.టి.-పి.జి. ఉంది, పరీక్ష మార్చిలో. మన రాష్ట్ర యూనివర్సిటీలకు 2021 నుంచి ఒకటే ఏపీ పీజీసెట్. అది డిగ్రీ పరీక్షలయ్యాక వస్తుంది. గమనించారా? మనవాళ్ళు ఆ చివరిదొక్కటే రాస్తారు. ఎందుకు? మిగతా రెండింటి గడువు మనకు తెలిసేలోపే దాటిపోతుంది. నాకు జరిగిందే ముప్పై ఏళ్ళ తర్వాత మీకూ జరగాలా?

కెమిస్ట్రీ వాళ్ళకు ఒక మాట. లెక్కలు వదిలేశాం, గండం గడిచింది అనుకోవద్దు. జామ్ కెమిస్ట్రీ సిలబస్‌లోనే ప్లస్ టూ స్థాయి లెక్కలున్నాయి. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ అంటే చాలా చోట్ల డిగ్రీలో లెక్కలు ఎన్ని సెమిస్టర్లు చదివావని అడుగుతారు. మైనరు ఏది తీసుకున్నారన్నది అక్కడ తేలుతుంది. ఇప్పటికే మైనరు తీసేసుకుంటే, మిగిలిన ఎంపికల్లో లెక్కలకు దగ్గరున్నది వెతకండి. సులభమైన పేపరు, మార్కులు వస్తాయి అని చెప్పేవాడు మీకు మేలు చెయ్యటం లేదు.

నాలుగో ఏడు ఆనర్స్ గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి. యు.జి.సి. 2022 డిసెంబరులో పెట్టిన నియమాల ప్రకారం మూడేళ్ళకు 120 క్రెడిట్లు, నాలుగేళ్ళకు 160. నాలుగో ఏడు పరిశోధనతో ఆనర్స్ చెయ్యాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 ఉండాలి. నాలుగేళ్ళ డిగ్రీతో నేరుగా పి.హెచ్‌డి.కి పోవాలన్నా 75 కావాలి, మనకు అక్కడ 5 శాతం సడలింపు ఉంది. విదేశాల్లో చదువుకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పుకు డిగ్రీలో 60 శాతం ఉండాలి. కాబట్టి 'పాసైతే చాల్లే' అన్నమాట మన నోట రావద్దు. ఇప్పుడు నాలుగు సెమిస్టర్ల మార్కులు కలిపి చూసుకోండి. మిగిలిన రెండింటిలో ఎంత తెస్తే ఆ గీత దాటతారో లెక్క కట్టండి. దాటగలిగితే తేలికగా మార్కులు లాగే పేపర్లు, కష్టమైన పేపర్లు కలిపి ఎంచుకోండి. మీ కాలేజీలో అసలు నాలుగో ఏడు ఉందో లేదో కూడా ముందే అడగండి.

రెండో దారి టీచరుద్యోగం. బి.ఎడ్.లో ఏ మెథడాలజీ వస్తుందన్నది, డి.ఎస్సీ.లో ఏ పోస్టుకు అర్హులన్నది డిగ్రీలో చదివిన సబ్జెక్టులను బట్టి ఉంటుంది. 2025 మెగా డి.ఎస్సీ.లో 16,347 పోస్టులు పడ్డాయి. ఆ నోటిఫికేషన్ కాగితం తెచ్చుకుని మీ మేజరూ మైనరూ ఎక్కడ సరిపోతాయో ఇప్పుడే చూసుకోండి. డిగ్రీ అయ్యాక చూసుకుని ఏడ్చి లాభం లేదు.

మూడోది వెంటనే ఉద్యోగం. ఇంటి పరిస్థితి బాగాలేనివాళ్ళకు ఇదే దారి, ఇందులో తక్కువతనం ఏమీ లేదు. మన కోస్తా చూడండి. రొయ్యల గుంటలు, హేచరీలు, ఫీడ్ ఫ్యాక్టరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు. 2009 తర్వాత వనామీ వచ్చాక ప్రతి గుంట నీళ్ళకూ పరీక్షలే. ఉప్పదనం, ఆల్కలినిటీ, అమ్మోనియా, పి.సి.ఆర్. ఇవన్నీ మీ బి.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో ఉన్న పనులు, లేకుంటే వాటి పక్కింటి పనులు. నేలటూరులో 2,400 మెగావాట్ల థర్మల్ స్టేషనుంది. బాయిలర్‌లోకి పోయే నీళ్ళ చుక్క చుక్కా, కాల్చే బొగ్గూ పరీక్ష చెయ్యాల్సింది కెమిస్టులే. ఆ స్టేషనుకు ఎవరి పేరు పెట్టారు? దామోదరం సంజీవయ్య. 1960లో ఈ దేశంలోనే మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి అయిన మనిషి. గేటు మీద మన పేరుంది. లోపల ల్యాబులో మనవాళ్ళెందరున్నారు? గేటు బయట బూడిద ఎత్తేవాళ్ళలో ఎందరున్నారు?

ఇక ఇంటర్న్‌షిప్ మాట. ఆఖరి ఏడాది ప్లాన్‌లో అన్నిటికన్నా మోసం జరిగేది ఇక్కడే. అయిదో సెమిస్టర్ గానీ ఆరోది గానీ మొత్తం ఇంటర్న్‌షిప్‌కి పోతుంది. ఎవరిని ఎప్పుడు పంపాలో కాలేజీ చీటీ అంటిస్తుంది. అంటించక ముందే మీరు అడగాలి. ఏది అడగాలి? ఎంట్రెన్స్ రాసేవాళ్ళు ఆరో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అడగండి. అయిదులో పాఠాలన్నీ అయిపోతాయి, ఫిబ్రవరి పరీక్షకు తలలో తాజాగా ఉంటాయి. అయిదులోనే ఇంటర్న్‌షిప్‌కి పోతే మీరు జామ్ రాసేసరికి సగం పేపర్లు ఇంకా చదివే ఉండరు. ఉద్యోగం కావాల్సినవాళ్ళకూ ఆరోదే మేలు. ఎక్కడ పని నేర్చారో అక్కడే నిలబడే వీలుంటుంది.

పోయినేడు నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. కెమిస్ట్రీ మేజరు, మంచి మార్కులు. ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశావమ్మా అంటే తల వంచుకుంది. ఎవరో మూడువేలు తీసుకుని సర్టిఫికెట్టు ఇప్పించారు. మరి ఆ ఆరు నెలలూ ఏం చేశావంటే, "రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి పోయినా సార్, ఇంట్లో గడవక" అంది. నాకు కోపం రాలేదు. కడుపు మండింది. ఎందుకంటే ఆ ప్లాంటు గోడకు అవతలే ల్యాబుంది. సరుకులో యాంటీబయోటిక్ ఉందా, బ్యాక్టీరియా ఉందా అని చూసే ల్యాబు. ఆ పిల్ల రోజూ దాని పక్కనే నడిచిపోయింది. లోపల చేరడానికి అర్హత ఉంది. కాలేజీ ఒక ఉత్తరం రాసిస్తే సరిపోయేది. ఆ పిల్లకు అది తెలీదు, చెప్పాల్సినవాళ్ళకు పట్టలేదు. చేతులకు చీలికలూ, చేతిలో అబద్ధపు సర్టిఫికెట్టూ మిగిలాయి.

ఆ పిల్లను తప్పుపట్టేవాళ్ళు ఈ సభలో ఉండరనుకుంటా. మన పిల్లలు చదువుతా పనిచేస్తారు. అది నిజం. కాబట్టి ప్లాన్ కూడా ఆ నిజం మీదనే వెయ్యాలి. వారానికి ఎన్ని రోజులు కూలికి పోక తప్పదో ముందు రాసుకోండి. ప్రాక్టికల్స్ ఉన్న రోజులు వదిలి మిగతా రోజులు పనికి పెట్టుకోండి. థియరీ నోట్సు స్నేహితుడి దగ్గర దొరుకుతుంది, టైట్రేషన్ చేసిన చెయ్యి దొరకదు. పట్టుబడి సీజను ఎప్పుడొస్తుందో మీకు తెలుసు, ఇంటర్నల్ పరీక్షలు ఎప్పుడో కూడా తెలుసుకుని రెండూ గుద్దుకోకుండా చూసుకోండి. హాజరు 75 శాతం తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంటుకు దెబ్బ. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న రోజుల్లో. ఎవరూ దానంగా ఇచ్చింది కాదు, హాజరు పట్టీలో గీత పడి పోగొట్టుకోవద్దు.

బ్యాక్‌లాగులు ఉన్నవాళ్ళు సిగ్గుపడి దాచొద్దు. ఒకటో, మూడో సెమిస్టర్ పేపరు తప్పి ఉంటే చాలా చోట్ల అది అయిదో సెమిస్టర్ పరీక్షలతో పాటే వస్తుంది. అప్పుడు వదిలేస్తే సీటు వచ్చినా డిగ్రీ చేతికి రాదు. కాబట్టి ఆ సెమిస్టర్‌లో ఎంచుకునే పేపర్ల బరువు తగ్గించుకోండి. ఇంకొక జాగ్రత్త. ఫీజు బాకీ అని సర్టిఫికెట్లు పట్టుకునే కాలేజీలున్నాయి. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. ఇంటర్ మెమో నుంచి కులం సర్టిఫికెట్టు దాకా జిరాక్సులు తీసి ఇంట్లో ఒక సంచిలో పెట్టుకోండి.

మన తీరానికి దక్షిణపు కొసన శ్రీహరికోట ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టాక తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, 1971లో మొదటి రాకెట్టు లేచినప్పుడు అది నెల్లూరు నేలే. 2023 జులై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు మన పల్లెలో పిల్లా పెద్దా పొగచార చూసి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టినాక ఒక మాట తట్టింది. మన ఆకాశంలోంచి పోయే రాకెట్టును మనం ఎన్నాళ్ళు కింద నుంచే చూస్తాం? దాని ఇంధనం పరీక్షించే బల్ల దగ్గర మన పిల్ల నిలబడాలంటే ఏ పేపరు చదవాలి? ఆ ప్రశ్నకు జవాబు ఫిబ్రవరిలో వెతికితే దొరకదు. ఈ జూన్‌లో మీ ముందుకొచ్చే ఫారంలో ఉంది.

ఇంటికి పోయేముందు మూడు పనులు ఒప్పుకోండి.

ఒకటి. ఈ వారంలో ప్రతి ఒక్కరూ ఒక తెల్లకాగితం మీద పన్నెండు నెలలూ రాయండి. ఎంట్రెన్స్ గడువులు, సెమిస్టర్ పరీక్షలు, స్కాలర్‌షిప్పు తేదీలు, కూలికి పోయే రోజులు అందులో వెయ్యండి. గోడకు అంటించండి. ఇంట్లో చదువు రాకపోయినా అమ్మకు చదివి వినిపించండి. తేదీ గుర్తు చేసేది అమ్మే.

రెండు. ఎంపికలన్నీ ఫారం ఇచ్చే రెండు వారాల ముందు నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలని ప్రతి కాలేజీలో అర్జీ ఇవ్వండి. ఇంటర్న్‌షిప్ ఇచ్చే ల్యాబుల జాబితా కూడా అడగండి. విడివిడిగా పోవద్దు. మాలలూ మాదిగలూ యానాదులూ పట్టపోళ్ళూ, ఈ బెంచీల మీద కూర్చున్న ప్రతి బీదపిల్లా కలిసి సంతకం పెట్టండి.

మూడు. ప్రతి హాస్టల్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు ఏ పేపరు తీసుకున్నారు, ఏం లాభం, ఏం నష్టం, ఏ ల్యాబులో ఎవరిని అడగాలి, అన్నీ రాయండి. తప్పులు ముందు రాయండి. నియమాలు మారితే పేజీ మీద తేదీ వేసి మళ్ళీ రాయండి. మనకు మేనమామలు లేరన్నాను గదా. ఆ నోటుబుక్కే రేపు మీ వెనక వచ్చేవాళ్ళకు మేనమామ.

మా నాయన వేలిముద్ర వేసిన రోజు ఆయనకు అక్షరం రాదు. మీకు వచ్చు. కలం మీ చేతిలో ఉంది. కాగితం మీరే నింపండి.

జై భీమ్.